ఆట ఏ తెర మీద?

విజయవాడలో కంప్యూటర్ అసెంబుల్ చేయించుకోవాలని షాపుకి వెళితే చేతికిచ్చే కొటేషన్ కాగితం దాదాపు ఎప్పుడూ ఒకే వరుసలో ఉంటుంది. పైన ప్రాసెసర్, ఆ కింద మదర్‌బోర్డు, ర్యామ్, ఎస్‌ఎస్‌డీ, గ్రాఫిక్స్ కార్డు, కేబినెట్, ఎస్‌ఎంపీఎస్, అట్టడుగున మానిటర్. ఒక్క మానిటర్‌తో సరిపెట్టుకునేవారికి ఈ వరుస వల్ల వచ్చే నష్టం పెద్దగా లేదు. కానీ బెంజ్ సర్కిల్ చుట్టూ ఉన్న అపార్ట్‌మెంట్లలో ఇంజినీరింగ్ చదువుతూనో, ఇంటి నుంచే ఉద్యోగం చేస్తూనో ఉన్న కుర్రకారుకి కావలసింది రెండు మూడు తెరల సిస్టమ్. పగలు కోడింగ్, వీడియో ఎడిటింగ్, రాత్రి కాసేపు ఆట. చేతిలో ఉన్నది లక్ష, మహా అయితే లక్షా పాతిక వేలు. అలాంటివారు ఆ కాగితాన్ని కింది నుంచి పైకి చదవాలన్నది నా వాదన. ముందు తేల్చుకోవలసింది ఏ ప్రాసెసర్ అన్నది కాదు, ఏ గ్రాఫిక్స్ కార్డు అన్నదీ కాదు. ఆట ఏ తెర మీద నడుస్తుంది, ఒక్కదాని మీదా, మూడింటి మీదా? ఈ ప్రశ్నకు జవాబు దొరికితే మిగతా వరుసంతా దాని వెంట తేలుతుంది. దొరక్కపోతే, అక్కర్లేని చోట ముప్పై నలభై వేలు పోసి, అవసరమైన చోట మూడు వేలకు వెనకాడటం జరుగుతుంది.

లెక్క చూద్దాం. ఫుల్ హెచ్‌డీ తెరలో అడ్డంగా 1920, నిలువుగా 1080 పిక్సెళ్లుంటాయి. మొత్తం 20 లక్షల 73 వేల పైచిలుకు. ఆట నడుస్తున్నంతసేపూ గ్రాఫిక్స్ కార్డు ఈ పిక్సెళ్లలో ప్రతిదానికీ ఏ రంగు వేయాలో సెకనుకు అరవై సార్లు, వేగమైన తెర అయితే 144 సార్లు లెక్కగడుతూ ఉండాలి. 2560 బై 1440 తెరకు ఆ సంఖ్య 36 లక్షల 86 వేలు. మూడు ఫుల్ హెచ్‌డీ తెరలను కలిపి వాటన్నిటి మీదా ఒకే ఆటను పరిస్తే 62 లక్షల 20 వేలు, అంటే ఒక 4కే తెరలో ఉండే పిక్సెళ్లలో సరిగ్గా ముప్పాతిక వంతు. అదే మూడు 1440 తెరలైతే కోటీ 10 లక్షలు దాటి 4కేనే మించిపోతుంది. పిక్సెళ్లు మూడు రెట్లయితే పనీ కచ్చితంగా మూడు రెట్లవుతుందని కాదు, ఆటలో పిక్సెళ్లతో సంబంధం లేని పనులూ ఉంటాయి. అయినా ఒక తెర మీద సెకనుకు వంద ఫ్రేములిచ్చే మధ్యతరగతి కార్డు మూడు తెరలకు పరిచేసరికి నలభై, యాభై దగ్గర ఆయాసపడుతుంది. పరుగెత్తించాలంటే కార్డు ఒకటి రెండు మెట్లు పైకెక్కాలి. బడ్జెట్ విరిగేది అక్కడే.

ఇక రెండో రకం వాడకం. మధ్య తెర మీద ఆట, పక్క తెర మీద డిస్కార్డ్, యూట్యూబ్, ఆటకి సంబంధించిన మ్యాపు, లేదా రేపు అప్పగించాల్సిన అసైన్‌మెంట్. మన దగ్గర మూడు తెరలు కావాలనేవారిలో ఎక్కువమంది అవసరం నిజానికి ఇదే. ఈ పక్క తెరలు గ్రాఫిక్స్ కార్డుకు ఎంత బరువో చూడండి. ఫుల్ హెచ్‌డీ తెర మీద కనిపించే ఒక బొమ్మను దాచుకోవడానికి కార్డు మెమరీలో పట్టే చోటు సుమారు 8 ఎంబీ. 8 జీబీ కార్డులో అది వెయ్యో వంతు. విండోస్ ఒకటికి రెండు మూడు నకళ్లు పెట్టుకున్నా అది లెక్కలోకి రాదు. పక్క తెర మీద వీడియో ఆడుతుంటే దాన్ని విప్పడానికి కార్డులోనే విడిగా ఒక విభాగం ఉంటుంది, ఆట గీసే విభాగం మీద దాని భారం స్వల్పమే. తెరిచిపెట్టిన బ్రౌజర్ కొన్ని వందల ఎంబీల గ్రాఫిక్స్ మెమరీని మింగే మాట నిజం. 8 జీబీ కార్డు మీద బరువైన ఆట ఆడేటప్పుడు అది తెలుస్తుంది కూడా. ఆ ఇబ్బంది తీరడానికి బ్రౌజర్ సెట్టింగుల్లో హార్డ్‌వేర్ యాక్సెలరేషన్ ఆపితే చాలు, పదిహేను వేలు పెట్టి పై మెట్టు కార్డు కొనక్కర్లేదు.

మరి మూడు తెరలనగానే ఖరీదైన కార్డు, వీలైతే రెండు కార్డులు ఉండాలన్న నమ్మకం ఎక్కడి నుంచి వచ్చింది? ఒకప్పుడు అది నిజమే కాబట్టి. 2002లో మాట్రాక్స్ కంపెనీ పర్హీలియా అనే కార్డుతో మూడు తెరల మీద ఆటను పరిచి చూపించింది, కానీ ఆ కార్డుకు అంత దమ్ము లేకపోయింది. 2009లో ఏఎండీ ఐఫినిటీ పేరుతో రేడియాన్ హెచ్‌డీ 5000 వరుసలో ఆ సదుపాయం తెచ్చింది. అయితే మూడో తెరను డిస్‌ప్లేపోర్ట్ ద్వారానే కలపాలన్న షరతుండేది, ఆ పోర్టు లేని మానిటర్‌కు యాక్టివ్ అడాప్టర్ కొనాల్సి వచ్చేది. ఎన్విడియా 2010లో తెచ్చిన సరౌండ్‌కు రెండు కార్డులు జతచేయాల్సిందే. 2012లో జీటీఎక్స్ 680 వచ్చాకే వారి ఒక్క కార్డుకు నాలుగు తెరల దాకా కలపడం కుదిరింది. ఇప్పుడు బడ్జెట్ కార్డుల్లో కూడా చాలావాటికి వెనుక మూడు డిస్‌ప్లేపోర్ట్‌లు, ఒక హెచ్‌డీఎంఐ ఉంటాయి. రేడియాన్ ఆర్‌ఎక్స్ 9060 ఎక్స్‌టీ లాంటి కొన్నింటికి మొత్తం మూడే. తెరలు కలపడానికి డబ్బు పోయాల్సిన కాలం పోయింది. అన్ని తెరల మీదా ఆట గీయడానికి మాత్రం ఇప్పటికీ డబ్బు పోయాలి.

దీనికి వచ్చే గట్టి అభ్యంతరం కారు రేసింగ్, విమానం నడిపే సిమ్యులేటర్ల అభిమానుల నుంచి. వారిది న్యాయమైన మాట. పక్కన దూసుకొస్తున్న కారు కంటి చివర కనిపించాలంటే పక్క తెర మీద ఆట ఉండాల్సిందే. ఐరేసింగ్, అసెట్టో కోర్సా లాంటి ఆటల్లో మూడు తెరల కోణాలను విడివిడిగా లెక్కగట్టే ఏర్పాటు కూడా ఉంది. వాటి కోసమే కొనేవారు మూడు ఒకే రకం ఫుల్ హెచ్‌డీ తెరలు తీసుకుని, మిగిలినదంతా కార్డులో పెట్టడం సబబు. కానీ అన్ని ఆటలూ అలా తయారు కాలేదు. వాలరెంట్ లాంటి పోటీ ఆటలు వెడల్పు తెర ఉన్నవాడికి అదనపు దృశ్యం దక్కకూడదని చూపును 16:9 కొలతకే కట్టిపడేశాయి. అక్కడ మూడు తెరలున్నా ఆట ఒక్కదాని మీదే. పైగా టేబుల్ సంగతి ఒకటుంది. 24 అంగుళాల తెర వెడల్పు 53 సెంటీమీటర్లు. మూడింటిని వరుసగా పెడితే మీటరున్నర పైమాటే, పక్కవాటిని 45 డిగ్రీలు లోపలికి తిప్పినా దాదాపు 128 సెంటీమీటర్లు. మామూలు నాలుగడుగుల కంప్యూటర్ టేబుల్ 122 సెంటీమీటర్లే. రెండు పడగ్గదుల ఫ్లాట్‌లో మంచం, బీరువా పోగా ఈ కొలత ఎక్కడ ఇముడుతుందో ముందే టేపు పెట్టి చూసుకోవాలి.

ఇంకొందరు అడిగేది, మూడు మానిటర్ల గొడవెందుకు, ఒక పెద్ద 4కే టీవీ పెట్టుకుంటే పోలా అని. 2025 సెప్టెంబరు 22 నుంచి 32 అంగుళాలు మించిన టీవీలు, మానిటర్ల మీద జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి తగ్గాక ఈ ప్రశ్నకు బలం పెరిగింది. 43 అంగుళాల 4కే తెర అంటే నాలుగు ఇరవై ఒకటిన్నర అంగుళాల ఫుల్ హెచ్‌డీ తెరలు మధ్యలో గీతల్లేకుండా అతికినట్టే. కోడింగ్‌కు, షేర్ల చార్టులకు అది బాగా పనికొస్తుంది. ఆటకు మాత్రం చవక టీవీల్లో చాలావరకు సెకనుకు 60 దగ్గరే ఆగిపోతాయి, మౌస్ కదిపిన క్షణానికీ తెర మీద కదలికకూ మధ్య ఆలస్యం మానిటర్ కన్నా ఎక్కువ, కొన్నింట్లో చిన్న అక్షరాల అంచులు మసకబారతాయి. ఆట ముఖ్యమనుకునేవారికి నా తీర్పు వేరు. ఒక మంచి తెర, దాని పక్కన ఒక సాదా తెర. మంచి తెర 27 అంగుళాల 1440 ఐపీఎస్, 144 హెర్ట్జ్ లేదా ఆ పైన. అంత కుదరకపోతే 24 అంగుళాల ఫుల్ హెచ్‌డీ. 27 అంగుళాల్లో ఫుల్ హెచ్‌డీ వద్దు. అంగుళానికి 82 పిక్సెళ్లే పడి అక్షరాలు మోటుగా కనిపిస్తాయి. సాదా తెర కొత్తది కానక్కర్లేదు. ఇంట్లో మూలన పడున్న పాత 19 అంగుళాల మానిటర్ చాలు.

పాత మానిటర్ అన్నప్పుడే కేబుళ్ల మాట వస్తుంది. దీని గురించి షాపులో ఎవరూ పట్టించుకోరు, ఇంటికొచ్చాక చిక్కు పడేది దీనితోనే. ఆఫీసు రకం చవక మానిటర్లకు వెనుక ఉండేవి వీజీఏ, ఒక హెచ్‌డీఎంఐ. కొత్త గ్రాఫిక్స్ కార్డులకు వీజీఏ అసలు లేదు, హెచ్‌డీఎంఐ తరచుగా ఒక్కటే. కాబట్టి రెండో తెరకు డిస్‌ప్లేపోర్ట్ నుంచి హెచ్‌డీఎంఐకి మార్చే కేబుల్ కావాలి. ఈ కేబుల్ మామూలుగా ఒకవైపే పనిచేస్తుంది, కార్డు వైపు డిస్‌ప్లేపోర్ట్, తెర వైపు హెచ్‌డీఎంఐ. వీజీఏ మాత్రమే ఉన్న తెరకు కన్వర్టర్ వాడాలి. ఆట ఆడే తెరను నేరుగా డిస్‌ప్లేపోర్ట్ కేబుల్‌తోనే కలపాలి. హెడ్ రెగ్యులేటర్ దగ్గర ఎంత నీరు వదిలినా కాలువ పూడిపోతే శివారు చేలకు అందనట్టు, కార్డు సెకనుకు 144 ఫ్రేములు గీసినా పాత కేబుల్ దగ్గరో, విండోస్ డిస్‌ప్లే సెట్టింగులో 60 దగ్గరో ఆగిపోతే కంటికి అందేది అరవయ్యే. వేగమైన మానిటర్ కొన్న రోజే అడ్వాన్స్‌డ్ డిస్‌ప్లే సెట్టింగులో రిఫ్రెష్ రేటు మార్చుకోవాలి. అది దానంతటదే మారుతుందని నమ్మి నెలల తరబడి అరవైలోనే ఆడేవారుంటారు.

కార్డు విషయానికొస్తే, ఒక తెర మీద ఆట అని తేలింది కాబట్టి లక్ష రూపాయల్లో ముప్పై వేల చుట్టుపక్కల దానికి కేటాయిస్తే సరిపోతుంది. ఫుల్ హెచ్‌డీకి ఆర్‌టీఎక్స్ 5060 లాంటి 8 జీబీ కార్డు ఇప్పటికి నడుస్తుంది. 1440 తెర కొంటే 12, 16 జీబీల వైపు చూడాలి. 2024 డిసెంబరులో వచ్చిన ఇంటెల్ ఆర్క్ బీ580 తక్కువ ధరలో 12 జీబీ ఇస్తుంది. కానీ పాత ప్రాసెసర్ల పక్కన అది డీలా పడుతుంది, రీసైజబుల్ బార్ అనే సదుపాయం ఉన్న బోర్డు తప్పనిసరి. సెకండ్‌హ్యాండ్ కార్డు కొనవచ్చా అంటే, కొనవచ్చు, కానీ బిల్లు, మిగిలిన వారంటీ ఉన్నదే. 2022 సెప్టెంబరు 15న గ్రాఫిక్స్ కార్డులతో చేసే ఎథీరియం క్రిప్టోకరెన్సీ మైనింగ్ ఆగిపోయాక రాత్రింబవళ్లు తిరిగిన కార్డులు సెకండ్‌హ్యాండ్ సంతలోకి వచ్చాయి. వాటిలో ముందుగా అరిగేవి ఫ్యాన్లు. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి సింగ్‌నగర్, పాయకాపురం ఇళ్లలోకి నీళ్లు చేరిన సంగతి మరువకూడదు. సెకండ్‌హ్యాండ్ బోర్డు, కార్డు ఏదైనా స్క్రూల దగ్గర, పోర్టుల లోపల తుప్పు ఉందేమో టార్చి వేసి చూడండి. మన కేబినెట్‌ను కూడా నేల మీద కాకుండా ఎత్తులో పెట్టుకోవడం మంచిది.

పక్క తెరలు కార్డును బాధించకపోయినా ర్యామ్‌ను, ప్రాసెసర్‌ను వాడుకుంటాయి. ఆటతో పాటు ఇరవై ట్యాబ్‌ల బ్రౌజర్, డిస్కార్డ్, ఒక్కోసారి రికార్డింగ్ సాఫ్ట్‌వేర్ నడుస్తుంటే 16 జీబీ కనీసం, 32 ఉంటే సుఖం. చిక్కేమిటంటే ఏఐ డేటా సెంటర్ల గిరాకీతో 2025 చివరి నెలల్లో ర్యామ్ ధరలు భగ్గుమన్నాయి. ఆ డిసెంబరులో ర్యామ్ తయారీ కంపెనీ మైక్రాన్ తన క్రూషియల్ బ్రాండును మామూలు కొనుగోలుదారులకు అమ్మడం మానేస్తున్నట్టు ప్రకటించింది కూడా. ఇలాంటప్పుడు 8 జీబీలవి రెండు స్టిక్కులు జంటగా వేసి, నాలుగు స్లాట్లున్న మదర్‌బోర్డు తీసుకోవడం తెలివైన పని, ధర దిగాక మరో రెండు వేసుకోవచ్చు. ఇంట్లో పాత డీడీఆర్4 ర్యామ్ ఉంటే ఏఎండీ ప్రాసెసర్ల ఏఎం4 బోర్డు, దాని మీద ఆరు కోర్ల రైజెన్ 5 5600 ఇంకా బతికున్న దారే. డీడీఆర్5 మాత్రమే తీసుకునే ఏఎం5కు ముందు ముందు ప్రాసెసర్ మార్చుకునే వెసులుబాటు ఎక్కువ. ఒక హెచ్చరిక. పేరు చివర ‘ఎఫ్’ ఉన్న ప్రాసెసర్లు కొంత చవక, కానీ వాటిలో గ్రాఫిక్స్ ఉండదు. రైజెన్ 5 5600లోనూ ఉండదు. కార్డు చెడి వారంటీకి వెళ్లిన రోజులన్నీ తెరలన్నీ నల్లగా ఉండిపోతాయి. అదే రైజెన్ 5 7600 లాంటిదైతే మదర్‌బోర్డు వెనుక పోర్టుతో చదువు, ఉద్యోగం ఆగకుండా నడుస్తాయి.

ఇప్పటిదాకా చెప్పింది ఏ ఊరికైనా వర్తిస్తుంది. కృష్ణా డెల్టాకు ప్రత్యేకమైనవి ఎండ, కరెంటు. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు. విజయవాడలో ఆ రోజుల్లో బయట 45 డిగ్రీలు తాకితే ఏసీ లేని గదిలో 38, 40కి తగ్గదు. ఫ్యాన్లతో చల్లబడే కార్డు గది వేడికి పైన ఇన్ని డిగ్రీలు అన్న లెక్కలో నడుస్తుంది. 25 డిగ్రీల గదిలో 70 చూపించే కార్డు 40 డిగ్రీల గదిలో 85 దగ్గరకు వెళ్లి, తనను తాను కాపాడుకోవడానికి వేగం తగ్గించుకుంటుంది. సమీక్షల్లో చూసి మురిసిపోయిన ఫ్రేముల సంఖ్య మే నెలలో మన గదిలో రాకపోవడానికి కారణం ఇదే. అందుకే ముందువైపు అద్దం పలకతో, రంగు లైట్లతో మెరిసే కేబినెట్‌కు పోకుండా, ముందు జాలీ ఉన్నది, రెండు మూడు ఫ్యాన్లున్నది తీసుకోవాలి. హైవే దుమ్ము పడే ఇళ్లలో ఆ జాలీకి దుమ్ము వడపోత ఉండాలి, నెలకోసారి దులపాలి. తక్కువ కరెంటు తాగే కార్డుకు ఇక్కడ విలువ ఎక్కువ. ఆర్‌టీఎక్స్ 5060కి 145 వాట్లు, బీ580కి 190. ఆడేటప్పుడు సిస్టమ్‌కు 300 వాట్లు, మూడు తెరలకు ఒక 75 అనుకుంటే రోజుకు నాలుగు గంటల చొప్పున నెలకు 45 యూనిట్లు. 2022–23 టారిఫ్ ప్రకారం 225 యూనిట్లు దాటాక యూనిట్ 6 రూపాయల నుంచి 8 రూపాయల 75 పైసలకు పెరుగుతుంది. ఏసీ నడిచే నెలల్లో ఈ 45 పడేది ఎక్కువ ఇళ్లలో ఆ పై శ్లాబులోనే.

బడ్జెట్ తక్కువైనప్పుడు కొటేషన్‌లో ముందుగా కోత పడేది భాగాలన్నిటికీ కరెంటు అందించే ఎస్‌ఎంపీఎస్ మీద. అన్నిటికన్నా నన్ను కలవరపెట్టేది ఈ అలవాటే. కేబినెట్‌తో పాటు వచ్చే ఊరూపేరూ లేని సరుకు మీద 450 వాట్లని రాసి ఉన్నా అది నిలబడి ఇవ్వగలిగేది అందులో ఎంతో తెలియదు. అది పేలితే తనతో పాటు బోర్డును, కార్డును తీసుకుపోగలదు. 80 ప్లస్ ముద్ర కరెంటు వృథా ఎంత తక్కువో చెబుతుందే కానీ లోపలి నాణ్యతకు పూచీ ఇవ్వదు. ఐదేళ్లో ఆపైనో వారంటీ ఇచ్చే పేరున్న కంపెనీ 550 లేదా 650 వాట్లది కొనాలి. తర్వాత యూపీఎస్. అందరూ కొనే 600 వీఏ యూపీఎస్ మోయగలిగేది 360 వాట్ల చుట్టుపక్కలే, ఆట మధ్యలో కరెంటు పోతే సిస్టమ్‌తో పాటు అదీ పడిపోతుంది. 1000, 1100 వీఏ ఉండాలి, దాని మీద కేబినెట్, ప్రధాన తెర మాత్రమే పెట్టాలి, పక్క తెరలు మామూలు ప్లగ్గులో ఉంటే చాలు. ఇంటి ఇన్వర్టర్ ఉంది కదా అంటే, అది ప్యూర్ సైన్‌వేవ్ రకమై, యూపీఎస్ మోడ్‌లో ఉంటేనే నమ్మవచ్చు. కేబినెట్ రేకు తాకితే చేయి జిల్లుమంటోందంటే ప్లగ్గుకు ఎర్తింగ్ లేదని అర్థం. ఎలక్ట్రీషియన్‌ను పిలిచి ఆ పని చేయించాకే మిగతా ఖర్చు.

కొనేది ఎక్కడ? ఊళ్లో షాపా, ఆన్‌లైనా, 270 కిలోమీటర్ల పైచిలుకు వెళ్లి సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటరా? అక్కడ రకాలు ఎక్కువ, ధర కాస్త తక్కువ కావచ్చు. కానీ మూడు తెరల పెట్టెలను బస్సులో తెచ్చుకోవడం, ఒకటి చెడితే మళ్లీ మోసుకెళ్లడం కూడా ఆ ధరలో భాగమే. ప్రాసెసర్, ర్యామ్, ఎస్‌ఎస్‌డీ లాంటి చిన్న వస్తువులు ఎక్కడ చవకైతే అక్కడ తీసుకోవచ్చు. మానిటర్లు, ఎస్‌ఎంపీఎస్, గ్రాఫిక్స్ కార్డు మాత్రం మార్చుకోగలిగినంత దూరంలో కొనడం మేలని నా అభిప్రాయం. ఆ కంపెనీ సర్వీస్ సెంటర్ విజయవాడలో ఉందా, హైదరాబాద్‌కో చెన్నైకో పంపాలా అన్నది ధర అడగకముందే అడగండి. ప్రాసెసర్ సీలున్న పెట్టెలో ఇమ్మనండి, విడిగా వచ్చే ట్రే ప్రాసెసర్‌కు కంపెనీ వారంటీ దొరకకపోవచ్చు. మానిటర్‌ను షాపులోనే వెలిగించి తెల్ల తెర, నల్ల తెర మీద చచ్చిన పిక్సెళ్లున్నాయేమో చూసి తెచ్చుకోండి. జీఎస్టీ బిల్లు మీద మొత్తం ఒక్క పద్దుగా ‘కంప్యూటర్ సిస్టమ్’ అని రాస్తామంటే ఒప్పుకోకండి. ప్రతి భాగం పేరు, దాని సీరియల్ నంబరు విడివిడిగా రాయించుకుని, ఆ కాగితాన్ని ఫోన్‌లో ఫొటో తీసి దాచుకోండి.